సముద్రాలకు చెప్పే వాన

ఆ రోజు రేడియోలోంచి కాలిన వాసన ఏమీ రాలేదు. వస్తోందని నేను చెప్పాను. అందరూ నమ్మారు. పాత రేడియోల లోపలి సంగతులు నాకు తప్ప ఎవరికీ తెలియవన్న పేరు నేనే కష్టపడి తెచ్చుకున్నాను కాబట్టి, నమ్మకపోవడానికి వాళ్ళకు కారణం లేదు. ఆ ఒక్క మాట వల్ల గుత్తి దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన ఒక ముసలామె, దేనికోసం వచ్చిందో అది వినకుండా వెళ్ళిపోయింది. కిందటి ఎండాకాలం సంగతి ఇది.

నేను ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. అనంతపురంలో మా మిద్దె మీద ఒక రేకుల గది ఉంది. అందులో నా వాల్వు రేడియోలు ఉంటాయి. వాటిలో పెద్దదానికి ముందు భాగాన పచ్చటి దీపం ఒకటి, కన్నులాగా. స్విచ్ వేసిన వెంటనే అది మాట్లాడదు. లోపల వాల్వులు వేడెక్కాలి, పచ్చకన్ను మెల్లగా తెరుచుకోవాలి, అప్పుడు గొంతు వస్తుంది. ఆ కాసేపు ఎదురుచూడడమంటే నాకు ప్రాణం. నెలకొక ఆదివారం మిత్రులు కొందరు ఆ గదిలో చేరతారు. దర్జీ పని చేసి మానేసిన ఆయన ఒకరు, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆయన ఒకరు. రెండేళ్ళుగా ఒక బస్సు కండక్టరు కూడా వస్తున్నాడు. ఆయన కూడా రిటైరయ్యాడు. తెలుగే ఇంటిభాషగా ఉన్న ముస్లిం కుటుంబం వాళ్ళది.

మాకొక అలవాటు ఉంది. ఏడాదికొకసారి ‘లండను రోజు’ చేసుకుంటాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తర్వాతి సంవత్సరాల్లో లండను రేడియో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం వినిపించేదో, ఆ పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో వెతికి నేను ఒక రోజుగా కూర్చుతాను. అవన్నీ ఒకే రోజువి కావు, ఆ కాలపు వేరువేరు రోజుల ముక్కలు. వాటిని ఫోనులో పెట్టి, ఫోను నుంచి ఒక వైరు రేడియో వెనక గ్రామఫోను కోసం ఉన్న రంధ్రాల్లోకి ఇస్తే, ఆ గొంతులు ఆ పెట్టెలోంచే వస్తాయి. కళ్ళు మూసుకుంటే ఇంక తేడా ఏముంది?

మొదటి ఏడాది ఏ గడియారం ప్రకారం వినాలన్న దాని మీద పెద్ద వాదులాట జరిగింది. లండను పొద్దున అంటే మనకు మధ్యాహ్నానికి దగ్గర. పోస్టాఫీసాయన ఖచ్చితంగా అలాగే ఉండాలన్నాడు. దర్జీ ఒప్పుకోలేదు. “వాళ్ళ పొద్దున వార్తలు మనం అన్నం తిని కునికేటప్పుడు వినాల్నా? వాళ్ళ పొద్దున మన పొద్దునే. దొరలు పోయినారు గదప్పా, ఇంకా వాళ్ళ గడియారమేంది?” అన్నాడు. ఆయన మాటే గెలిచింది.

రెండో రూలు నాది. ఫోను ఒకసారి మొదలుపెడితే ఆపకూడదు, వెనక్కి తిప్పకూడదు. రేడియోలో పోయింది పోయినట్టే. అలా ఉంటేనే చెవులు నిక్కబొడుచుకుని వింటారని అన్నాను. ఆ రూలు పెట్టినందుకు నాకు గర్వంగా ఉండేది.

కండక్టరు రాకముందు ఆ గదిలో లండను అంటే నేనే. ఏ కార్యక్రమం వచ్చినా నా ముఖం చూసేవారు. నేను గొంతు సవరించుకుని చెప్పేవాడిని. ఆయన వచ్చాక ముఖాలు అటు తిరగడం మొదలైంది. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ జీవితమంతా కళ్యాణదుర్గం, కుందుర్పి, మడకశిర అని అరిచిన గొంతు అది. మాట్లాడితే గది నిండిపోతుంది.

ఆ ఆదివారం పొద్దున మా ఆవిడ ఉగ్గాని, బజ్జీ చేసి పైకి తెచ్చింది. రేడియోలో గంట కొట్టడానికి ముందు వచ్చే ఆ చిన్న కూతలు వచ్చాయి. తర్వాత వార్తలు. చదివే ఆయన గొంతు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. ఆ కాలానికి కొంచెం ముందు, సాయంత్రం వార్తలు చదివేవాళ్ళు విందుకు వెళ్ళినట్టు ముస్తాబై మైకు ముందు కూర్చునేవారట. ఆ సంగతి చెబుదామని నేను బజ్జీ పక్కన పెట్టాను. అంతలో కండక్టరు అన్నాడు: “ఈయప్ప టై బిగించి కట్టుకోని చదువుతాండాడు సార్. గొంతులోనే తెలుస్తాంది. పాపం, ఊపిరాడ్డం లేదు.”

అందరూ నవ్వారు. దర్జీకి పొలమారింది కూడా. ఇప్పుడు నేను అదే చెబితే ఆయన మాటనే తిరిగి చెప్పినట్టు అవుతుంది. మానేసి బజ్జీ తిన్నాను. ఏ రుచీ తెలియలేదు.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసం వేసే సంగీతం వచ్చింది. ఆయన తొడ మీద దరువు వేశాడు. అది అయ్యాక ఇల్లాళ్ళ కోసం ఒకామె మాట్లాడింది. యుద్ధం ముగిసినా వాళ్ళకు రేషను ముగియలేదు, గుడ్లు దొరికేవి కావు, గుడ్లపొడితో ఏం వండుకోవచ్చో చెబుతోంది. ఖాళీ పళ్ళెం తీసుకుని కిందికి పోబోతున్న మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

“ఏం చెప్తాందంట ఆయమ్మ?”

అడిగింది నన్ను కాదు. కండక్టరు వైపు చూసి అడిగింది.

“కరువు వంటమ్మా,” అన్నాడాయన. “లేనిదాంతో ఉన్నట్టు వండేది.”

“లండన్లో గూడా కరువేనా!” అని మా ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది. “నువ్వు చెప్తాంటే నాకూ ఇంగ్లీషు తెలిసినట్టే ఉండాదన్నా.”

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడైనా కూర్చోమని నేను అడిగానా? అడగలేదు. ఆ ఆలోచన అప్పుడు రాలేదు. అప్పుడు వచ్చింది కడుపులో మంట ఒక్కటే.

ఆ రోజు కోసం నేను ప్రాణంగా దాచుకున్న కార్యక్రమం ఒకటి ఉంది. బడిపిల్లల కోసం వేసేది. రేడియోలో ఒక టీచరమ్మ మాట్లాడుతూ ఉంటే, దేశమంతటా తరగతి గదుల్లో పిల్లలు ఆమె చెప్పినట్టు గాలిలో చెట్లలాగా ఊగేవారు. నేను కూడా బడిపంతులునే కాబట్టి దాని గురించి చెప్పడానికి చాలా ఉంది. నాలుగు రోజుల ముందు నుంచీ మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. దర్జీ గానీ కండక్టరు గానీ చెప్పలేని మాటలు అవి.

అది మొదలైన కాసేపటికే కింద గేటు చప్పుడైంది. కండక్టరు అక్క వచ్చింది. ఎనభై దగ్గరపడిన మనిషి, కొంగు తల మీదికి కప్పుకుని, చేతిలో వేయించిన వేరుశెనక్కాయల సంచి. ఆయన మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. “రావల్ల, రావల్ల, జాగ్రత్త! లండన్ వచ్చేసింది, దిగేవాళ్ళు దిగండి!” అని బస్సులో అరిచినట్టే అరిచాడు.

“నీ నోట్లో మన్నుబొయ్య, ఎక్కేవాళ్ళను దిగమంటావేంరా?” అంది ఆమె మెట్లెక్కుతూ.

అందరూ లేచారు. కుర్చీ జరిపారు, నీళ్ళిచ్చారు, మేకలను ఎవరికి అప్పజెప్పి వచ్చావని అడిగారు. నా టీచరమ్మ ఒక మూల మాట్లాడుతూనే ఉంది, పిల్లలు ఎక్కడో ఊగుతూనే ఉన్నారు, ఈ గదిలో ఒక్కరూ వినలేదు. వెనక్కి తిప్పడానికి లేదు. రూలు నాదే.

ఆమె ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. వాళ్ళ నాయన ఆ కాలంలో సరుకు ఓడల్లో వంటవాడుగా ఇంగ్లండు రేవులకు పోయి వచ్చేవాడు. ఓడలో రేడియో సముద్రాలకు వాన చెబుతుందని ఊళ్ళో చెప్పేవాడట. నెల ముందు కండక్టరు ఆ మాట నాతో అని, “అట్లాంటిది నిజంగా ఉంటే పెట్టు సార్, మా అక్కను పిలుచుకొస్తా” అన్నాడు. ఉంది. నాకు దొరికింది కూడా. లండను రేడియో రోజూ ఓడల కోసం వాతావరణం చదివేది. సముద్రాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక పేరు పెట్టి. దొరికిందని గొప్పగా చెప్పి, ఆ రోజు మధ్యాహ్నానికి పెట్టాను.

దాని వేళ దగ్గరపడింది. కండక్టరు వాళ్ళ నాయన గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆవిడ, దర్జీ, పోస్టాఫీసాయన, అందరూ ఆయన వైపే వంగి వింటున్నారు. మా నాయన బళ్ళారి దాటి పోలేదు. నలభై ఏళ్ళు తిప్పలు పడి, పెట్టెలు కొని, వైర్లు అతికించి నేను లండనును ఈ గదికి తెచ్చుకున్నాను. ఈయనకు అది ఏ కష్టమూ లేకుండా, నాయన వెంట ఇంటికే వచ్చింది. లండను నాది అనుకుంటూ వచ్చిన నేను ఆ గదిలో కరెంటు చూసుకునే పనివాడిలా కనిపించాను నాకే.

“ఆగండి,” అన్నాను. “ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వస్తోంది.” లేచి స్విచ్ ఆపేశాను. పచ్చకన్ను మూసుకుపోయింది. “పావుగంట ఆరనివ్వాలి. లేకపోతే పెట్టె కాలిపోతుంది.”

“అయ్యో, అదొచ్చే యాళకే!” అన్నాడు కండక్టరు.

“ఏం చేస్తాం? ఫోను పాటికి ఫోను పోతూనే ఉంటుంది. రూలు తెలుసు కదా.”

ఆమె కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది. నన్ను చూసి మాట్లాడింది. “పోనీలే సారూ, పెట్టె కాలితే మీకు నష్టం. ఇన్నేండ్లు ఆగినా, పావుగంట ఆగలేనా?” అని, ఆరిన రేడియో వైపు తిరిగి చెప్పుకుంటూ పోయింది.

“మా నాయన ఊరికొచ్చినప్పుడు రచ్చకట్ట కాడ కూచోని చెప్తాండె. ఆడ రేడియో సముద్రాలను పేరు పెట్టి పిలుస్తాదంట. డాగర్, హంబర్, థేమ్స్, డోవర్ అని. మన పిల్లోళ్ళను బడిలో పిలిచినట్టు. ఒగొగదానికీ గాలెట్లుంటాది, వానొస్తాదా రాదా అని చెప్తాదంట. అది వచ్చేటప్పుడు ఓడలో కొట్లాడుకుండేవాళ్ళు గూడా నోరు మూసుకుంటారంట. నాయన గరిటె ఎత్తిపట్టుకోని అట్లే నిలబడతాండెనంట. ఊరోళ్ళు పడీపడీ నవ్విరి. ఈడ చినుకు లేక చేన్లు బీళ్ళు పడిండాయి, ఈయప్ప సముద్రానికి వాన చెప్తాండాడని. ఓడ అబద్ధాలోడని పేరు పెట్టిరి. వీడు అప్పటికి సంకలో పిల్లోడు. నేను ఈడొచ్చిన పిల్లను. సిగ్గయిపోయింది. అందరి ముందర అనేసినా. ‘చాలు నాయనా, అబద్ధాలు ఆపు’ అని. ఆపేసినాడు. మళ్ళా సచ్చేదాకా సముద్రం మాటెత్తలే.”

పై రేకులు ఎండకు టక్కుటక్కుమంటున్నాయి.

ఫోను నా అరచేతిలో ఉంది. తెర మీద సన్నని గీత జరుగుతోంది. ఆ క్షణాన సరిగ్గా అదే నడుస్తోంది. డాగర్ పోయింది. హంబర్ పోతోంది. వైరు లాగేస్తే చాలు, ఫోనుకు దాని గొంతు దానికి ఉంది, గదిలో అందరికీ వినపడుతుంది. ఆ ఆలోచన వాళ్ళకు రాలేదు, మా గదిలో గొంతు ఆ పెట్టెలోంచే రావాలన్నది అలవాటైపోయింది. నాకు వచ్చింది. బొటనవేలు వైరు మీద ఉంది కూడా. లాగితే, వాసన సంగతి బయటపడుతుందేమోనని భయం. అంతకంటే, విన్న తర్వాత అందరూ ఆయన చుట్టూ చేరతారని కడుపుమంట. లాగలేదు. సముద్రాలన్నీ నా చేతిలోంచే చప్పుడు లేకుండా వెళ్ళిపోయాయి.

స్విచ్ వేసి పచ్చకన్ను తెరుచుకునేసరికి చిన్నపిల్లల కథ నడుస్తోంది.

“ఒక్కసారి ఎనక్కి తిప్పు సార్,” అన్నాడు కండక్టరు. నవ్వు లేదు ఆయన ముఖంలో.

“రూలు రూలే అప్పా. పొద్దున నా బడి కార్యక్రమం పోలేదా?”

ఆయన నన్ను కాసేపు చూశాడు. ఆమె సంచిలోంచి వేరుశెనక్కాయలు తీసి బల్ల మీద పోసి లేచింది. “పోనీలేరా. బస్సు పోతాది. అది నిజమో కాదో నా చెవుల్తో వినకుండానే పోవల్లని రాసిపెట్టిండాది” అంటూ మెట్లు దిగింది. ఆమెను బస్సెక్కించడానికి ఆయన వెంట వెళ్ళాడు. తిరిగి రాలేదు.

సాయంత్రం కాకముందే గది ఖాళీ అయింది. మా ఆవిడ వేరుశెనక్కాయలు డబ్బాలో పోస్తూ, నా వైపు చూడకుండా అంది: “నాకేం వాసన రాలే. పక్కింట్లో పోపు మాడితే నాకు ఈడికి తెలుస్తాది.”

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి బొంకేవాడిని. అడగకపోవడంతో బొంకడానికి కూడా దారి లేకుండా పోయింది.

మరునాడు పొద్దున్నే కండక్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో ముఖం కడుక్కుంటున్నాడు. నిలబడే చెప్పేశాను. వాసన రాలేదని, వైరు లాగి ఉంటే ఫోనులోంచే వినపడేదని, మీరు మాట్లాడితే అందరూ వింటారని నాకు కడుపుమంట అని. చివరి మాట చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“నా మీద మంటుంటే నన్ను తిట్టల్ల సార్. మా అక్కేం చేసింది?”

“తప్పే.”

“నాకు చెప్తే ఏమొస్తాది? ఊర్లో మా అక్కకు చెప్పల్ల. చొక్కా తొడుక్కోనొస్తా, పా.”

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు, ఒక్క ఊరి పేరు కూడా పైకి అనలేదు. ఆయన గొంతు లేని బస్సు ఎంత బోసిగా ఉంటుందో ఆ దారంతా తెలిసింది. పెద్ద రేడియో తేలేదు నేను. తెస్తే మళ్ళీ దాని గురించి చెప్పాలనిపిస్తుంది. జేబులో ఫోను ఒక్కటే ఉంది.

ఆమె మేకల దొడ్డి ముందర బండ మీద కూర్చుని ఆకు తుంచుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతిలోని కొమ్మ ఆగిపోయింది.

“అంటే అది నిజంగానే ఉండాదా?”

నా తప్పు సంగతి ఆమెకు పట్టనే లేదు. “ఉంది అక్కా,” అన్నాను. ఫోను తీశాను.

“ఈడ వద్దు,” అని లేచింది. “యాడ మా నాయన నోరు మూయించినానో ఆడ పెట్టు.”

రచ్చకట్ట మీద ఐదారుగురు ఉన్నారు. అప్పట్లో నవ్విన వాళ్ళలో ఒకాయన మిగిలి ఉన్నాడట, పళ్ళు లేవు, చెవి కూడా సరిగా వినపడదు. ఆమె ఆయన ఎదురుగా నిలబడింది. “మా నాయన చెప్పింది నిజమో కాదో వినండప్పా. ఈ సారు ఇంగ్లీషు చదువు చెప్పినాయన. సారూ, నువ్వు చెప్పు ముందు.”

చెప్పాను. ఇది లండను రేడియో అని, వాళ్ళ నాయన ఓడల్లో ఉన్న కాలానిదే అని, ఆయన చెప్పింది నిజమని, నిన్న ఈమె దీనికోసం వస్తే ఓర్వలేక నేనే వినపడకుండా చేశానని. ఎవరో “అట్లెందుకు చేస్తివి సార్?” అని అడిగారు. “కడుపుమంటతో” అన్నాను.

ఫోను నొక్కాను. ఆ ఇస్త్రీ గొంతు వచ్చింది. తొందర లేకుండా, ఒక్కో పేరు విడిగా. కండక్టరు అంతవరకు మౌనంగా ఉన్నవాడు, చెవిటాయన పక్కకు పోయి, రేడియో పేరు చెప్పగానే గట్టిగా అందుకున్నాడు. “డాగర్! హంబర్! థేమ్స్! డోవర్!” ఒక్కోదానికి గాలి ఎటునుంచో, వాన ఉందో లేదో, తనకు తెలిసినంత చెప్పాడు. తెలియనిచోట నా వైపు చూశాడు, నేను చిన్నగా అందించాను. చెవిటాయన తల ఊపుతూ, “మనకు ఎప్పుడంట?” అని అడిగాడు. కట్ట మీద అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమె కూడా ఉంది.

నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా, ఫోను ఎత్తిపట్టుకుని నిలబడి, వాళ్ళ కళ్ళన్నీ ఆయన మీదే ఉండడం చూసి, నాకు లోపల కొంచెం మండింది. పోలేదు అది. అయినా చెయ్యి దించలేదు.

అది అయిపోయింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా ఫోను వైపు చూసింది.

“మళ్ళా రాదు గదా సారూ? మీ రూలంట.”

వెనక్కి తిప్పాను. ఆ పూట ఆమె అడిగినన్ని సార్లు తిప్పాను.